మోటారు లోపమా, గేర్‌బాక్స్ లోపమా? విద్యుత్ ఎయిర్‌సాఫ్ట్ తుపాకుల మరమ్మతుపై ఒక సమీక్ష

విద్యుత్ ఎయిర్‌సాఫ్ట్ తుపాకీ మొరాయిస్తే మొదటి అనుమానం మోటారు మీదికే పోతుంది. చప్పుడు చేసేది అదే, వేడెక్కేది అదే, విప్పడానికి తేలికైనదీ అదే. అందుకే చాలామంది ముందుగా కొత్త మోటారు కొని బిగిస్తారు. కొన్నాళ్ళకు అదీ వేడెక్కుతుంది. అప్పుడు ఇంకా బలమైన మోటారు, ఇంకా ఎక్కువ వోల్టేజీ బ్యాటరీ కొంటారు. చివరికి గేర్ల పళ్ళు ఊడతాయి. ఖర్చు మూడింతలవుతుంది కాని అసలు కారణం గేర్‌బాక్స్‌లోనే ఉండిపోతుంది.

ఈ తుపాకులు పుట్టి ముప్పై ఏళ్ళు దాటింది. ఆటగాళ్ళు, మరమ్మతుదారులు ఇన్నేళ్ళలో కూడబెట్టిన అనుభవంలో ఏది యంత్రశాస్త్రం ముందు నిలుస్తుందో, ఏది అలవాటుగా మాత్రమే నడుస్తోందో తేల్చడం ఈ వ్యాసం ఉద్దేశం. నా అభిప్రాయం ముందే చెబుతాను. మోటారు, గేర్‌బాక్స్, కరెంటు దారి ఒకే గొలుసులోని మూడు లంకెలు. మోటారులో కనిపించే లక్షణాల్లో చాలా భాగం మిగతా రెండింటి లోపాలే. కాబట్టి విడిభాగం కొనడానికి ముందు ఏ లంకెకు ఆ లంకెను విడదీసి పరీక్షించాలి.

యంత్రం అమరిక

1991లో జపాన్‌కు చెందిన టోక్యో మరుయి సంస్థ ఫ్రెంచి ఫామాస్ రైఫిల్ నమూనాలో మొదటి విద్యుత్ ఎయిర్‌సాఫ్ట్ తుపాకీని తెచ్చింది. ఆ తర్వాత ఎం16, ఎంపి5 నమూనాలకు వాడిన గేర్‌బాక్స్‌ను వెర్షన్ 2 అనీ, ఏకే నమూనాలకు వాడినదాన్ని వెర్షన్ 3 అనీ పిలవడం స్థిరపడింది. తైవాన్‌లోని జి అండ్ జి, చైనాలోని సైమా వంటి తయారీదారులు చాలావరకు అదే అమరికను అనుసరించారు. అందువల్ల టోక్యోలో కనిపించే లోపం లండన్‌లోనూ అదే రూపంలో కనిపిస్తుంది. ఒకచోట నేర్చుకున్నది మరోచోట పనికొస్తుంది.

అమరిక ఇది. బ్యాటరీ నుంచి కరెంటు ట్రిగ్గర్ కాంటాక్టుల మీదుగా పిడిలోని డీసీ మోటారుకు చేరుతుంది. మోటారు కొసనున్న చిన్న పినియన్ బెవెల్ గేరును తిప్పుతుంది. బెవెల్ స్పర్ గేరును, స్పర్ సెక్టార్ గేరును తిప్పుతాయి. సెక్టార్ గేరుకు చుట్టూ కాక ఒక పక్క మాత్రమే పిస్టన్‌ను లాగే పళ్ళుంటాయి. అవి పిస్టన్‌ను పట్టుకుని స్ప్రింగుకు ఎదురుగా వెనక్కి లాగుతాయి. పళ్ళు అయిపోగానే పట్టు వదులుతుంది, పిస్టన్ ముందుకు దూకుతుంది, సిలిండర్‌లోని గాలి 6 మి.మీ. ప్లాస్టిక్ గుండును గొట్టంలోంచి నెడుతుంది.

మామూలు గేర్ల నిష్పత్తి సుమారు 18.7. అంటే ఒక్క గుండుకు మోటారు దాదాపు 19 చుట్లు తిరగాలి. సెకనుకు 15 గుండ్లు పేల్చే తుపాకీలో మోటారు నిమిషానికి సుమారు 16,800 చుట్లు తిరుగుతోందన్నమాట. శక్తి లెక్క ఇంకా విలువైన సంగతి చెబుతుంది. 0.2 గ్రాముల గుండు సెకనుకు 100 మీటర్ల వేగంతో వెళ్తే దాని శక్తి 1 జౌల్. సెకనుకు 15 గుండ్లంటే 15 వాట్లు. అదే సమయంలో 7.4 వోల్టుల బ్యాటరీ 15 ఆంపియర్లు ఇస్తోందనుకుంటే ఖర్చయ్యేది 111 వాట్లు. మిగతా 96 వాట్లు తీగల్లో, మోటారులో, గేర్ల రాపిడిలో, పిస్టన్ దెబ్బలో వేడిగా, చప్పుడుగా పోతున్నాయి. ఆరోగ్యంగా ఉన్న తుపాకీలోనే నష్టం ఇంత ఉంది. దీన్ని పెంచే ప్రతి లోపం, అది ఎక్కడున్నా సరే, మోటారు వేడిగానో బ్యాటరీ నీరసంగానో బయటపడుతుంది. మోటారును అన్యాయంగా నిందించడానికి మూలం ఇక్కడే ఉంది.

కరెంటు దారి

ట్రిగ్గర్ నొక్కితే ఏమీ జరగకపోతే చూడాల్సినవి బ్యాటరీ, ఫ్యూజు, కనెక్టర్లు, మోటారు కొసల క్లిప్పులు, ట్రిగ్గర్ కాంటాక్టులు. ఇది అందరూ ఒప్పుకునేదే. తుపాకీ బలహీనంగా తిరుగుతున్నప్పుడు ఇదే దారిని అనుమానించేవారు మాత్రం తక్కువ. వదులైన కనెక్టర్‌లో గాని, మసిపట్టిన కాంటాక్టులో గాని 0.05 ఓమ్ అదనపు నిరోధం చేరిందనుకుందాం. 20 ఆంపియర్లు పారేటప్పుడు అక్కడ 1 వోల్టు పోతుంది, 20 వాట్ల వేడి పుడుతుంది. 7.4 వోల్టుల బ్యాటరీకి 1 వోల్టు నష్టం చిన్నది కాదు. కొద్దిసేపు కాల్చాక కనెక్టర్‌ను వేళ్ళతో తాకితే చాలు, ఏ అతుకు కరెంటును తింటోందో తెలిసిపోతుంది.

బ్యాటరీని ఊరికే మీటరుతో కొలిచి బాగుందని తేల్చడం మరో అలవాటు. అరిగిన బ్యాటరీ కూడా భారం లేనప్పుడు సరైన వోల్టేజీనే చూపిస్తుంది. మోటారు తిరుగుతుండగా ఎంతకు పడిపోతోందో చూస్తేనే నిజం తెలుస్తుంది. రెండు సెల్లుల లిథియం పాలిమర్ బ్యాటరీ నిండుగా ఉంటే 8.4 వోల్టులు. ఒక్కో సెల్లు 3 వోల్టులకు దిగువకు పోతే లోపల శాశ్వతంగా దెబ్బతింటుంది. నిల్వ ఉంచేటప్పుడు సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర ఉంచడం మంచిది.

ట్రిగ్గర్ కాంటాక్టులది ప్రత్యేకమైన బాధ. మోటారు తీగచుట్టలున్న పరికరం కనుక కరెంటును తెంపిన క్షణంలో కాంటాక్టుల మధ్య నిప్పురవ్వ పుడుతుంది. రవ్వ మసిని పెంచుతుంది, మసి నిరోధాన్ని పెంచుతుంది, నిరోధం వేడిని పెంచుతుంది. మాస్‌ఫెట్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్చిని చేర్చితే పెద్ద కరెంటు కాంటాక్టుల మీదుగా పోదు. మూడు సెల్లుల 11.1 వోల్టుల బ్యాటరీ వాడేవారికి ఇది ఆడంబరం కాదు, అవసరం.

మోటారు నిజంగా చెడిందా?

మిక్సీ బాగుచేసే మెకానిక్ మొదట చూసేది కార్బన్లను, అంటే బ్రష్‌లను. ఇక్కడా అంతే. బ్రష్‌లు అరిగి పొట్టిబడినా, వాటిని నొక్కే స్ప్రింగు వేడికి పట్టు తప్పినా మోటారు అప్పుడప్పుడు తిరుగుతుంది, అప్పుడప్పుడు ఆగిపోతుంది. పినియన్‌ను వేలితో కొద్దిగా తిప్పితే మళ్ళీ మొదలైతే లోపం బ్రష్‌లదో, కమ్యుటేటర్‌దో అనుకోవచ్చు. కమ్యుటేటర్ రాగి పలకల మధ్య సందుల్లో కార్బన్ పొడి నిండితే కరెంటు పక్కదారి పడుతుంది. స్పిరిట్‌తో తుడిచి సందులను జాగ్రత్తగా శుభ్రం చేస్తే చాలా మోటార్లు బతుకుతాయి.

వైండింగు కాలితే వాసనే చెబుతుంది. ఎక్కువమందికి తెలియకుండా పోయేది అయస్కాంతాల బలం తగ్గడం. నియోడిమియం అయస్కాంతాల్లో సాధారణ రకం 80 డిగ్రీల సెల్సియస్ దాటితే శాశ్వతంగా బలం కోల్పోవచ్చు. బలం తగ్గిన మోటారు భారం లేనప్పుడు మునుపటికన్నా వేగంగా తిరుగుతుంది, కాని కరెంటు ఎక్కువ తాగుతుంది, స్ప్రింగు ఎదురైతే చతికిలబడుతుంది. చేతిలో పట్టుకుని తిప్పి చూసినవారు వేగాన్ని చూసి మోటారు భేషుగ్గా ఉందనుకుంటారు. అందుకే వేగంతో పాటు కరెంటునూ కొలవాలి.

తిరిగే మోటారు బ్యాటరీకి ఎదురుగా తానే కొంత వోల్టేజీని పుట్టిస్తుంది. కరెంటును అదుపులో ఉంచేది అదే. మోటారు ఆగిపోతే ఆ అదుపు పోతుంది, కరెంటు ఒక్కసారిగా కొన్ని రెట్లు పెరుగుతుంది. గేర్లు బిగుసుకుపోయి ఉండగా ట్రిగ్గర్‌ను నొక్కి పట్టుకుంటే క్షణాల్లో ఫ్యూజు పోతుంది. ఫ్యూజు లేకపోతే పోయేది కాంటాక్టులో, బ్రష్‌లో, వైండింగో. కాబట్టి కాలిన మోటారును చూసినప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న, దాన్ని కాల్చిందేమిటి అన్నది. జవాబు దొరక్కుండా కొత్తది బిగిస్తే అదీ అదే దారి పడుతుంది.

పినియన్, బెవెల్ కలిసే చోటు

మోటారుకూ గేర్‌బాక్స్‌కూ హద్దు ఇక్కడే. ఫిర్యాదుల్లో పెద్ద భాగం పుట్టేదీ ఇక్కడే. వెర్షన్ 3లో మోటారు గేర్‌బాక్స్‌కే బిగించిన లోహపు చట్రంలో కూర్చుంటుంది. వెర్షన్ 2లో మోటారును పట్టి ఉంచేది పిడి. పిడిని సరిగా పోత పోయకపోయినా, మరలు సమంగా బిగించకపోయినా, వేడికి ప్లాస్టిక్ మెత్తబడినా మోటారు ఒరుగుతుంది. ఎం4 తరహా తుపాకుల్లో ఈ బాధ ఎక్కువగా వినిపించడానికి కారణం ఈ తేడాయే.

పిడి అడుగు పలకలోని చిన్న మర మోటారు ఎత్తును నిర్ణయిస్తుంది. మర ఎక్కువ బిగిస్తే పినియన్ బెవెల్‌లోకి గుచ్చుకుంటుంది. కీచుమనే సన్నని అరుపు వస్తుంది, మోటారు నెమ్మదిస్తుంది, వేడెక్కుతుంది. వదిలేస్తే పళ్ళ కొసలు మాత్రమే తగులుతాయి. గరగరమనే చప్పుడు వచ్చి కొద్దికాలంలోనే పళ్ళు గుండ్రబడతాయి. మరను పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ఒక్కోసారి చిన్నగా కాల్చి, చప్పుడు అతి తక్కువైన చోట ఆపడం వాడుకలో ఉన్న పద్ధతి. చెవి మోసపోవచ్చు కనుక అదే సమయంలో కరెంటును కూడా చూస్తే మేలు. చప్పుడు, కరెంటు రెండూ తక్కువగా ఉన్న చోటే సరైన ఎత్తు.

మోటారు హాయిగా తిరుగుతున్న చప్పుడు వస్తూ గుండు మాత్రం రాకపోతే పినియన్ ఇరుసు మీద జారుతోందేమో చూడాలి. కొన్ని పినియన్లను ఇరుసుకు ఒత్తి దిగేస్తారు. ఇరుసు ఒక పక్క చదునుగా ఉన్న రకాల్లో చిన్న మరతో బిగిస్తారు. ఆ మర వదులైతే ఇదే లక్షణం. పినియన్ గట్టిగా ఉంటే పళ్ళు ఊడింది బెవెల్‌వో పిస్టన్‌వో అయుండాలి.

ఊడిన పళ్ళు ఇచ్చే సాక్ష్యం

పిస్టన్ పళ్ళు ఊడినప్పుడు దాన్ని పారేసి ఇనుప పళ్ళున్న పిస్టన్ వేయడం మామూలు. ఆ పాత పిస్టన్‌ను పారేయకుండా పరిశీలించమని నేను గట్టిగా చెబుతాను. ఏ పన్ను ఊడిందన్నదే కారణాన్ని చెబుతుంది.

సెక్టార్ గేరు మొదట పట్టుకునేది పిస్టన్ వెనక కొసనున్న పన్ను. అది మాత్రమే చెడితే పట్టు కోణం తప్పిందని అర్థం. గేరు పన్ను పిస్టన్ పన్నును నిండు ముఖంతో తాకకుండా వాలుగా గుద్దుతోంది. సిలిండర్ హెడ్‌కు తగినంత మందం రబ్బరు బిళ్ళ అతికించి పిస్టన్‌ను కాస్త వెనక్కి జరిపితే ఇది సర్దుకుంటుంది. అవసరమైతే రెండో పన్నును అరగదీస్తారు. ఆ రబ్బరు పిస్టన్ దెబ్బను కూడా మింగుతుంది. వెర్షన్ 2 గేర్‌బాక్స్ పెంకు ముందు భాగం, సిలిండర్ కిటికీ మూలల దగ్గర పగలడానికి కారణం ఆ దెబ్బే కాబట్టి లాభం రెండింతలు.

పిస్టన్ తల వైపు పళ్ళు చెడితే కథ వేరు. పిస్టన్ పూర్తిగా ముందుకు చేరకముందే సెక్టార్ గేరు మరో చుట్టు తిరిగి వచ్చి దాన్ని మధ్యలో పట్టుకుంటోంది. ప్రీ-ఎంగేజ్‌మెంట్ అని పిలిచేది దీన్నే. సెకనుకు 30 గుండ్ల వేగంలో ఒక్కో చుట్టుకు దొరికే సమయం 33 మిల్లీసెకన్లు. లాగడం, వదలడం, తిరిగి రావడం అన్నీ అందులోనే ముగియాలి. బరువైన పిస్టన్, బలహీనమైన స్ప్రింగు, ఎక్కువ వోల్టేజీ కలిస్తే అది కుదరదు. ఇక్కడ ఇంకా గట్టి పిస్టన్ వేస్తే ఊడేది ఈసారి గేరు పన్ను. వేగం తగ్గించడం, పిస్టన్ బరువు తగ్గించడం, స్ప్రింగు పెంచడం, సెక్టార్ పళ్ళు కొన్ని తీసి లాగే దూరం తగ్గించడం, వీటిలో ఏదో ఒకటి చేయాలి.

పళ్ళన్నీ సమంగా చెక్కుకుపోతే ప్లాస్టిక్ నాణ్యతను గాని, సెక్టార్ గేరు ఎత్తును గాని అనుమానించాలి. గేరు పన్ను మందమంతా కాక ఒక అంచు మాత్రమే పిస్టన్‌కు తగులుతుంటే ఇలా జరుగుతుంది.

తుపాకీ టక్కుమని ఒక్క చప్పుడు చేసి బిగుసుకుపోతే ముందుగా నిండు బ్యాటరీ పెట్టి ఒక్కసారి చూడాలి. పిస్టన్ సగం వెనక్కి వచ్చి ఆగి, నీరసించిన బ్యాటరీ దాన్ని పూర్తిగా లాగలేకపోవడం దీనికి చాలా మామూలు కారణం. గేర్లు వెనక్కి తిరగకుండా ఆపే యాంటీ రివర్సల్ లాచ్ దాన్ని అక్కడే పట్టి ఉంచుతుంది. తీగలు తలకిందులుగా కలిపినా మోటారు వెనక్కి తిరగబోయి ఈ లాచ్ దగ్గరే ఆగిపోతుంది. లాచ్ తానే విరిగితే పిస్టన్ సగంలో ఆగిన ప్రతిసారీ గేర్లు గిర్రున వెనక్కి తిరిగిన చప్పుడు వస్తుంది.

మరమ్మతుదారుల భిన్నాభిప్రాయాలు

గేర్ల పక్క కదలికను సన్నని వాషర్లతో సరిచేయడం, అంటే షిమ్మింగ్, ఈ పనిలో గుండెకాయ. 0.1 నుంచి 0.5 మి.మీ. మందం వాషర్లు దొరుకుతాయి. ఏ గేరుతో మొదలుపెట్టాలన్న దాని మీద రెండు పక్షాలున్నాయి. ఒక పక్షం స్పర్ గేరును పెంకుకు దగ్గరగా కూర్చోబెట్టి మిగతా రెండింటినీ దానికి సర్దుతుంది. రెండో పక్షం మోటారును పిడిలో బిగించి, పినియన్‌కు సరిపోయేలా బెవెల్‌ను ముందు సర్ది, తర్వాత స్పర్, సెక్టార్‌ల దగ్గరికి వస్తుంది. నాకు రెండోదే సబబు. మోటారు ఎత్తును మరతో మార్చవచ్చు గాని, అది పక్కకు నిలిచే స్థానాన్ని మనం కదల్చలేం. కదలనిదాన్ని ఆధారంగా తీసుకుని కదిలేవాటిని సర్దడమే న్యాయం.

బాల్ బేరింగులా, గట్టి లోహపు బుష్‌లా అన్నది మరో వాదం. బేరింగుల్లో రాపిడి తక్కువే, కాని బలమైన స్ప్రింగు కింద పగిలితే గుళ్ళు గేర్ల మధ్య పడి మొత్తం పాడుచేస్తాయి. ఇక్కడ ఒకే జవాబు లేదు. వేగం కోరే తేలిక స్ప్రింగుకు బేరింగు, బరువైన స్ప్రింగుకు బుష్ అన్న మధ్యమార్గం సమంజసం.

మోటారు ఎంపికలో పాత వాదం, ఎక్కువ వేగం మోటారును 18.7 నిష్పత్తి గేర్లతో జతచేయాలన్నది. కొత్త వాదం, బలమైన టార్క్ మోటారును 13 నిష్పత్తి గేర్లతో జతచేయాలన్నది. గుండ్ల వేగం రెండింటా ఒకేలా తేవచ్చు. రెండో జతలో మోటారు తక్కువ చుట్లు తిరిగితే చాలు కనుక ట్రిగ్గర్ నొక్కిన వెంటనే గుండు వెళ్తుంది. అయితే తక్కువ నిష్పత్తి మోటారు మీద భారం పెంచుతుంది. అలైన్‌మెంట్ తప్పిన గేర్‌బాక్స్‌లో ఈ జత పెడితే లోపం ఇంకా త్వరగా బయటపడుతుంది. మోటారును కరెంటుతో ఆపే యాక్టివ్ బ్రేక్ విషయం కూడా అలాంటిదే. ఒక్క నొక్కుకు రెండు గుండ్లు వెళ్ళడాన్ని అది ఆపుతుంది, బదులుగా బ్రష్‌లను త్వరగా అరగదీస్తుంది.

విడదీసి పరీక్షించే క్రమం

మ్యాగజైన్ తీసి, గొట్టంలో మిగిలిన గుండును సురక్షితమైన దిక్కుకు కాల్చి, బ్యాటరీ ఊడదీయడం అన్నిటికన్నా ముందు. కళ్ళద్దాలు తప్పనిసరి. గేర్‌బాక్స్ విప్పేటప్పుడు స్ప్రింగు గైడులోకి స్క్రూడ్రైవర్ గుచ్చి పట్టుకోకపోతే స్ప్రింగు ముఖం మీదికి ఎగురుతుంది.

తర్వాత మోటారును పిడిలోంచి తీసి విడిగా కొద్ది క్షణాలు తిప్పాలి. చప్పుడు, రవ్వలు, కరెంటు చూడాలి. అక్కడ బాగుంటే మోటారు మీద నింద అక్కడికి ఆగిపోవాలి. రెండో మెట్టు, పిస్టన్, స్ప్రింగు లేకుండా గేర్లు మాత్రమే పెంకులో బిగించి వేలితో తిప్పడం. గేర్లు పట్టకుండా, అటూఇటూ ఊగకుండా తిరగాలి. మూడో మెట్టు, మోటారు, పిడి చేర్చి స్ప్రింగు లేకుండానే నడిపి పినియన్ ఎత్తు సర్దడం. నాలుగో మెట్టు గాలి పరీక్ష. సిలిండర్‌కు హెడ్, నాజిల్ బిగించి, నాజిల్‌ను వేలితో మూసి పిస్టన్‌ను నెడితే గట్టిగా ఎదురు తిరగాలి. జారితే పిస్టన్ తల ఓ-రింగును చూడాలి. దానికి సిలికాన్ నూనె మాత్రమే వాడాలి. పెట్రోలియం గ్రీజు రబ్బరును పాడుచేయవచ్చు. గేర్లకు వేసే గ్రీజు వేరు. చివరి మెట్టులోనే స్ప్రింగు చేర్చి మొత్తాన్ని నడపాలి. ఏ మెట్టులో కరెంటు అసాధారణంగా పెరిగిందో లోపం ఆ మెట్టులో చేరిన భాగంలో ఉంది.

మరమ్మతు ముగిశాక వేగాన్ని క్రోనోగ్రాఫ్‌తో కొలవడం చట్టం దృష్ట్యా కూడా అవసరం. గాలి కారడం ఆగితే పాత స్ప్రింగుతోనే శక్తి పెరుగుతుంది. ఎం100 స్ప్రింగు బదులు ఎం120 వేస్తే, పేరులోని వేగాల ప్రకారం 0.2 గ్రాముల గుండు శక్తి 1 జౌల్ నుంచి 1.44 జౌల్‌కు చేరుతుంది. జపాన్‌లో 2006 చట్ట సవరణ తర్వాత 6 మి.మీ. గుండ్ల హద్దు సుమారు 0.98 జౌల్. బ్రిటన్‌లో 2017 చట్టం ప్రకారం ఆగకుండా కాల్చే తుపాకులకు 1.3, ఒక్కొక్కటిగా కాల్చేవాటికి 2.5 జౌల్. యంత్రం బాగుపడి హద్దు దాటితే ఎదుటి ఆటగాడికి గాయం, యజమానికి నేరం. ఆ కొలత తీసుకోని మరమ్మతు పూర్తయినట్టు కాదు.

ఇంకా నిండని ఖాళీలు

ఈ విషయంలో అనుభవం కొండంత ఉంది, కొలతలు మాత్రం తక్కువ. మోటార్లను టార్క్ రకం, వేగం రకం అని అమ్ముతారు, లేదా చుట్ల సంఖ్యతో అమ్ముతారు. అయస్కాంతం బలం, తీగ మందం తెలియకుండా చుట్ల సంఖ్య ఒక్కటే దేన్నీ తేల్చదు. ఫలానా వోల్టేజీకి, ఫలానా భారానికి ఎన్ని చుట్లు, ఎంత కరెంటు అన్న పట్టిక ప్రతి మోటారు డబ్బా మీద ఉండాలి. చప్పుడును బట్టి లోపాన్ని చెప్పే విద్య కూడా వ్యక్తి చెవి మీదే ఆధారపడి ఉంది. సెక్టార్ గేరు స్థానాన్ని సెన్సార్లతో చదివే ట్రిగ్గర్ యూనిట్లు, బ్రష్‌లే లేని మోటార్లు వచ్చి కరెంటు దారి లోపాలను తగ్గిస్తున్నాయి. గేర్ల అలైన్‌మెంట్‌ను మాత్రం ఏ ఎలక్ట్రానిక్ పరికరమూ సరిచేయలేదు. బలమైన మోటార్లు వస్తున్న కొద్దీ ఆ పని విలువ పెరుగుతుందే గాని తగ్గదు.

కొత్తగా చేయి పెట్టేవారికి నా సలహా ఒక్కటే. కొత్త మోటారుకు పెట్టే డబ్బుతో ముందుగా మంచి మల్టీమీటరు, ఒక పెట్టె షిమ్‌లు కొనండి. తుపాకీ బాగున్న రోజునే మోటారు ఒంటరిగా ఎంత కరెంటు లాగుతుందో, స్ప్రింగుతో ఎంత లాగుతుందో, గుండు ఎంత వేగంతో వెళ్తుందో కొలిచి రాసి పెట్టుకోండి. రేపు మొరాయించినప్పుడు అవే కొలతలు మళ్ళీ తీసుకుంటే, ఏది మారిందో అదే మోటారుదా గేర్‌బాక్స్‌దా తప్పు అన్నది తేలుస్తుంది.